మూడేళ్లు వాడిన డ్రిల్ గైడ్: నిలువు బెజ్జం, వదులైన బుష్షు

కొన్న వారానికే ఈ డ్రిల్ గైడ్ గురించి తెలిసినవాళ్లందరికీ చెప్పాను, ఇది ఉంటే ఎవరైనా నిలువుగా బెజ్జం వేయగలరని. మూడేళ్ల తర్వాత ఆ మాటను కొంచెం సవరించుకోవాలి. కానీ దీని మీద ఇష్టం మాత్రం తగ్గలేదు.

చీపురుపల్లి రోడ్డులోని షెడ్డులో రెండు సీట్ల అల్యూమినియం విమానం కడుతున్నాను. ఒకప్పుడు విరిగి అతికిన నా కుడి మణికట్టు వల్ల డ్రిల్లు ఎప్పుడూ ఎడమకు రెండు డిగ్రీలు వాలుతుంది. పల్చటి రేకులో ఆ వాలు తెలియదు. 20 మిల్లీమీటర్ల మందమున్న స్పార్ (రెక్క బరువు మోసే దూలం) జాయింటులో మాత్రం బిట్టు అవతలి వైపు 0.7 మిల్లీమీటర్లు పక్కకు తేలుతుంది. అరచేతిలో పట్టే ఈ దిమ్మ, అందులో బిగించిన ఉక్కు బుష్షులు (బిట్టు దూరే చిన్న గొట్టాలు) నా చేతి వాలును పట్టి ఆపాయి. మొదటి స్పార్‌లో బోల్టులు వేలితో నెట్టగానే దిగిపోయిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయనకి దీన్ని చూపించాను. తీగని బిగించే బిరడ కన్నం రెండు గోడలకీ ఒకే గీతలో రావాలి కదా, ఆయనకి ఇది వెంటనే అర్థమైంది. "మాకు కన్నే గైడు బాబూ. ఇసుమంటిది ఉంటే కుర్రోళ్లకి నేర్పడం సులువౌను" అన్నాడు.

ఇక జరిగింది చెబుతాను. రెండో రెక్క స్పార్‌లో 3/16 అంగుళం (4.76 మిల్లీమీటర్లు) బోల్టు బెజ్జాలు వేస్తున్నాను. ఆరు బాగా వచ్చాయి. ఏడోది వేస్తుంటే బిట్టు కిర్రుమంది. చిప్పులు ఇరుక్కున్నాయనుకుని ఊది, మళ్లీ నొక్కాను. అక్కడే తప్పు చేశాను. అవతలి వైపు చూస్తే అంచు నుంచి బెజ్జం మధ్యకు 10 మిల్లీమీటర్లు ఉండాల్సింది 9.3 వచ్చింది. అంచు దూరం బోల్టు వ్యాసానికి రెండింతలు ఉండాలి, అంటే కనీసం 9.5. తేడా 0.2 మాత్రమే. ఎవరైనా సర్దుకోవచ్చంటారేమో. నేను ఆ స్పార్ యాంగిల్‌ని (ఎల్ ఆకారపు పట్టీని) పక్కన పెట్టేశాను. రెక్క బరువు మోసే చోట 'పర్లేదు' అనే మాట నాకు చేదు. కొత్తది కోసి, ఆ ఆరు బెజ్జాలూ మళ్లీ వేయడానికి మూడు ఆదివారాలు పట్టింది.

కారణం తర్వాత దొరికింది. బుష్షు దిమ్మలో వదులై, బిట్టుతో పాటు తిరిగి, తన గూటినే తినేసింది. ఉక్కు బుష్షుకి ఏమీ కాలేదు, అరిగింది అల్యూమినియం దిమ్మ. విజయనగరంలో లేత్ పనిచేసే మిత్రుడు ఆ గూడును పెద్దది చేసి, ఈఎన్31 ఉక్కుతో కొత్త బుష్షు తిప్పి, ఎర్రగా కాల్చి నూనెలో చల్లార్చి బిగించాడు. ఏడాదిగా కదలలేదు. ఇప్పుడు ప్రతి పనికి ముందూ బుష్షుని వేలితో తిప్పి చూస్తాను.

ఇంకో సంగతి. మొదట్లో రివెట్ బెజ్జాలకి కూడా దీన్నే వాడాను. అనవసరం. మెరిసే రేకులో బిట్టు ప్రతిబింబం కనిపిస్తుంది. ముందు నుంచి, పక్క నుంచి చూసినప్పుడు బిట్టు, దాని ప్రతిబింబం ఒకే గీతలో ఉంటే చెయ్యి నిలువుగా ఉన్నట్టే. వంపున్న రేకు మీద అయితే దిమ్మ కాలు ఆనదు, గైడు ఉన్నా లేనట్టే. ఎక్కడ వాడినా దాని కింద ఒక్క చిప్పు మిగిలితే వాలిపోతుంది. అందుకే బెజ్జానికి బెజ్జానికి మధ్య తుడుస్తాను. చిన్న సైజుతో మొదలుపెట్టి, చివర రీమర్‌ని (బెజ్జాన్ని కచ్చితమైన సైజుకి నునుపు చేసే పనిముట్టు) మెల్లగా, ఎప్పుడూ ముందుకే తిప్పుతాను.

షెడ్డులో స్టాండు డ్రిల్లు ఉండి, పని దాని కింద పడితే ఇది కొనక్కర్లేదు. నా స్పార్ దాని కింద పట్టదు, పట్టుకునే రెండో మనిషీ లేడు. రెక్కల కింద స్ట్రట్ (రెక్కకి ఊతమిచ్చే కడ్డీ) బ్రాకెట్ల బెజ్జాలు ఇంకా మిగిలున్నాయి. వాటికీ దీన్నే వాడతాను. మణికట్టు బాగున్నవాళ్లకి ఇంత అవసరమా అంటే, నా చేత్తో చెప్పలేను.