గేజా, మెనూనా, సినిమానా: ఆర్పీజీ స్పెషల్‌ని ఫైటింగ్ గేమ్‌లోకి దించాలంటే ఏది మేలు?

ఆర్పీజీలో (క్యారెక్టర్‌ని పెంచుకుంటూ కథ నడిపే ఆటలో) స్పెషల్ ఎటాక్ ఎంచుకుంటే చాలు, దాదాపు ఎప్పుడూ తగులుతుంది. ఫైటింగ్ గేమ్‌లో సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంటాయి, ఎదుట కూర్చున్నది మనిషి. మొదలవడానికి పాతిక, ముప్ఫై ఫ్రేములు పట్టే దెబ్బని చూసి షీల్డ్ ఎత్తేస్తాడు. అందుకే క్రాస్ఓవర్ ఆటకి (వేర్వేరు ఆటల క్యారెక్టర్లు కలిసి తలపడేదానికి) క్యారెక్టర్ కట్టేవాళ్లు యానిమేషన్ జోలికి పోయేముందు ఒకటి తేల్చుకోవాలి. ఆ ఎటాక్ అసలు ఆటలో ఆటగాణ్ణి ఎక్కడ తటపటాయించేలా చేసింది? ఆ తటపటాయింపు మిగిలితే చాలు, మెరుపులు తర్వాత చూసుకోవచ్చు.

గేజ్ (నిండే కొలత పట్టీ) పద్ధతికి అందరూ చూపించే ఉదాహరణ ఫైనల్ ఫాంటసీ 7 ఆర్పీజీ హీరో క్లౌడ్. 1997లో వచ్చిన ఆ ఆటలో దెబ్బలు తినేకొద్దీ లిమిట్ గేజ్ నిండుతుంది. నిండాక మెనూలో ఎటాక్ ఉండే చోట లిమిట్ అనే స్పెషల్ వచ్చి కూర్చుంటుంది. అంటే దాన్ని బాస్ కోసం దాచుకోవాలంటే మామూలు కత్తిదెబ్బ వదులుకుని మ్యాజిక్‌తోనో ఐటమ్‌లతోనో నెట్టుకురావాలి. దాచుకున్నందుకు కట్టే రుసుం అది.

2015 డిసెంబరులో క్లౌడ్ నింటెండో వీయూ, త్రీడీఎస్‌ల క్రాస్ఓవర్ ఫైటింగ్ గేమ్ స్మాష్ బ్రదర్స్‌లోకి వచ్చినప్పుడు ఆ రుసుం ఎగిరిపోయింది. దెబ్బ తిన్నా, కొట్టినా, కింది స్పెషల్ (కిందికి నొక్కి వేసే స్పెషల్) వేసి నిలబడినా గేజ్ నిండుతుంది. నిండితే నడక, పరుగు కూడా వేగం పుంజుకుంటాయి. పైగా వాడేదాకా అలాగే ఉంటుంది. ఇక వాడాల్సిన తొందరేముంది? దూరంగా పోయి నింపుకోవడం, నిండాక ఆ వేగంతో తిరుగుతూ ఎదుటివాణ్ణి భయపెట్టడం, ఇదే ఆట అయిపోయింది. ఇద్దరిద్దరు ఆడే డబుల్స్‌లో మరీ ఘోరం: ఒకడు కాపు కాస్తాడు, రెండోవాడు నింపుకుంటాడు. 2018లో తర్వాతి ఆట స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో దీనికి విరుగుడు పెట్టారు. నిండిన లిమిట్‌ని 15 సెకన్లలో వాడకపోతే పోతుంది. రుసుం మళ్లీ వచ్చింది, వేరే రూపంలో.

ఇందులో బాగా కుదిరింది ఫినిషింగ్ టచ్ అనే లిమిట్. అసలు ఆటలో అది మామూలు శత్రువుల్ని ఒక్క ఊపులో తుడిచిపెట్టే సుడిగాలి. మనుషుల మధ్య ఆటలో తగిలితే చావు అంటే ఎవడూ ఒప్పుకోడు. స్మాష్‌లో తిన్న దెబ్బ శాతంగా పోగవుతుంది, శాతం పెరిగేకొద్దీ తగిలిన దెబ్బకి దూరంగా ఎగిరిపడతాడు. అక్కడ దానికి డ్యామేజ్ 1 శాతమే ఇచ్చి, విసిరే బలం మాత్రం విపరీతంగా పెట్టారు. శాతం బాగా పెరిగినవాడికి తగిలితే ఇక వెనక్కి రాడు. అప్పుడే బరిలోకి దిగినవాడికి తగిలితే లిమిట్ వృథా. ఎప్పుడు వాడాలన్న ప్రశ్న మళ్లీ ఆటగాడి నెత్తినే పడింది. ఇంకో మెలిక: స్టేజ్ బయటికి పడ్డప్పుడు క్లౌడ్ మామూలు పై స్పెషల్ ఎత్తు చాలదు, లిమిట్‌తో అయితే బాగా లేస్తాడు. చంపడానికి దాచుకున్నదే ప్రాణం కాపాడుకోవడానికి ఖర్చు పెట్టాల్సి రావడం మంచి డిజైన్.

మెనూ పద్ధతి 2019లో అల్టిమేట్‌లోకి వచ్చిన, డ్రాగన్ క్వెస్ట్ ఆర్పీజీల హీరోది. కింది స్పెషల్ నొక్కితే 21 మంత్రాల్లోంచి నాలుగు తెర మీదకొస్తాయి, ప్రతిసారీ వేరే నాలుగు. ఎంపీ (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) గరిష్ఠం 100. మెటల్ స్లాష్‌కి 6, థ్వాక్‌కి 30, మ్యాజిక్ బర్స్ట్ అయితే ఉన్నదంతా ఊడ్చేస్తుంది. మెనూ తెరిచినా ఆట ఆగదు, చదివేలోపు దెబ్బ పడుతుంది. షీల్డ్‌తో మూసేసే వీలుంది కాబట్టి సరిపోయింది. అసలు ఆట రుచిని తెచ్చే విషయంలో దీనికి సాటి లేదు. కానీ అదృష్టం పాలు ఎక్కువైతే ఓడినవాడికి కడుపు మండుతుంది. హీరో వేసే స్మాష్ ఎటాక్‌లు అనే బలమైన దెబ్బలు ఎనిమిదింట ఒకసారి క్రిటికల్ (ఇంకా బలంగా) అవుతాయి, దానికి ఈ మంత్రాలు తోడు. సౌత్ ఆస్ట్రేలియాలో టోర్నీలవాళ్లు హీరోని నిషేధించేదాకా వెళ్లారు. సొంతంగా కట్టేవాళ్లు నాలుగు మంత్రాలనీ స్థిరంగా ఉంచి ఎంపీ ఖర్చుతోనే అదుపు చేస్తే మేలు.

లాటరీ లేకుండా పొదుపు చూపించాలంటే స్మాష్‌లోనే ఉన్న ఫైర్ ఎంబ్లెమ్ క్యారెక్టర్ రాబిన్ పద్ధతి ఉంది. పుస్తకాలకీ కత్తికీ లెక్కపెట్టిన వాడకాలు (లెవిన్ కత్తికి 8, నోస్ఫెరాటుకి 4), అయిపోతే కాసేపు ఆగాలి. చిన్న జట్టుకి ఇది తేలిక.

సినిమా పద్ధతి అంటే ఫైనల్ ఫాంటసీ 7 విలన్ సెఫిరోత్ వాడే సూపర్‌నోవా. అసలు ఆటలో అది ఉన్న హెచ్‌పీలో (ప్రాణశక్తిలో) 16 భాగాలకి 15 లాగేస్తుంది కానీ చంపదు. స్మాష్‌లో మొదటి వేటు తగిలితేనే దృశ్యం మొదలవుతుంది. నిద్ర, షీల్డ్ పగలడం లాంటి అవస్థల్లో ఏదో ఒకటి అంటిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, ఆడడానికి ఇందులో నిర్ణయం ఒక్కటే: తగిలిందా, లేదా. దీన్ని ఫైనల్ స్మాష్‌కి (స్మాష్‌లో అరుదుగా దొరికే పెద్ద అస్త్రానికి) పరిమితం చేయడమే సరి.

ముగెన్‌లో (సొంత ఫైటింగ్ గేమ్ క్యారెక్టర్లు కట్టుకునే ఇంజిన్‌లో) కట్టేవాళ్లకి నా ఓటు గడువున్న గేజ్‌కే. దాన్ని మామూలు పవర్ బార్‌లో కలపొద్దు, మిగతా సూపర్‌లు (ఆ బార్ ఖర్చుతో వేసే పెద్ద దెబ్బలు) తినేస్తాయి. విడిగా ఒక వేరియబుల్ పెట్టండి. తిన్న దెబ్బ లెక్కకి గత ఫ్రేములోని లైఫ్‌ని ఇంకో వేరియబుల్‌లో దాచి, ఇప్పటి లైఫ్‌తో తేడా కలుపుకోండి. హిట్ స్టేట్‌లో (దెబ్బకి తూలే స్థితిలో) ఉన్నాడా అని మాత్రమే చూస్తే ఒకే దెబ్బ ఫ్రేము ఫ్రేముకీ లెక్కలోకెక్కి గేజ్ రెప్పపాటులో నిండిపోతుంది. 15 సెకన్ల గడువంటే 900 టిక్‌లు (సెకనుకు 60).

క్లౌడ్ ఓమ్నిస్లాష్‌లాంటి 15 దెబ్బల వరసకి చివరిది తప్ప మిగతావాటికి వెనక్కి నెట్టే వేగం సున్నా పెట్టండి, లేకపోతే నాలుగైదు దెబ్బలకే ఎదుటివాడు జారిపోతాడు. అతన్ని మీ కస్టమ్ స్టేట్‌లోకి లాక్కుంటే, ఆ స్టేట్‌లో సమయం దాటగానే అతన్ని తన సొంత స్టేట్‌కి తిప్పిపంపే సెల్ఫ్‌స్టేట్ తప్పకుండా ఉండాలి. మధ్యలో మీకు దెబ్బ తగిలి వరస తెగితే, అది లేనిచోట ఎదుటివాడు గాల్లో బిగుసుకుపోతాడు, ఇక రౌండ్ అయ్యేదాకా కదలడు.