వన్‌టౌన్ గాలాల కొట్టు: కప్ప బాగుంది, సలహా బాగాలేదు

వన్‌టౌన్‌లో గాలాలు, వలలు అమ్మే చిన్న కొట్టు ఇది. పేరు రాయడం లేదు, మధ్యలో కాస్త తిట్టబోతున్నా కాబట్టి. పోయిన నెల అక్కడ ఏడడుగుల కర్ర, 3000 సైజు రీలు, 30 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిక) దారం, ఎరగా వేసే రెండు రబ్బరు కప్పలు తీసుకున్నా. మొత్తం 4,300 చెప్పాడు, బేరమాడితే రెండొందలు తగ్గించి రెండు బెండ్లు ఊరికే పడేశాడు.

ముందు కప్ప సంగతి. అట్ట మీద నోరు తెరిచిన అమెరికా బాస్ చేప బొమ్మ ఉంటుంది, అది చూసి మన చెరువుల్లో ఈ చేప ఎక్కడుందిలే అని వదిలేయకండి. ఆకుల కింద, నాచులో దాక్కునే బాస్ కోసం చేసిన సరుకు ఇది, మన కొర్రమీను కూడా అచ్చం అలాగే గుర్రపుడెక్క అంచున కాపేసి ఉంటుంది. లోపలంతా డొల్ల, గాలాలు రెండూ వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి, అందుకే డెక్కలో పెద్దగా చిక్కుకోదు, చేప నోట కరిచి కప్ప ఒళ్లు నొక్కుకుపోయినప్పుడే ముళ్లు పైకి తేలతాయి. కాబట్టి నీళ్లు భళ్లుమనగానే కంగారుపడి కర్ర లాగితే ఉత్త కప్ప వచ్చి మొహానికి తగులుతుంది, నాకు తగిలింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టి అప్పుడు లాగండి. పొట్ట దగ్గర అతుకులోంచి నీళ్లెక్కుతున్నాయి, పది విసుర్లకోసారి పిండుకోవాలి, 280 రూపాయలకి అది మాత్రం చిరాకే. కర్రకి వంక పెట్టలేను. రీలు ఓ మోస్తరు.

ఇక సలహా. బిల్లు రాస్తూ, "వానాకాలం కదన్నా, నీళ్ల మీద ఎర్రగా కొర్రమీను పిల్లల గుంపు కనపడితే దాని మధ్యలో వేయండి, తల్లి పిచ్చెక్కినట్టు కొడుతుంది" అన్నాడు. మైలవరం వైపు ఒక చెరువులో, వేలంపాట పాడుకున్నవాళ్లని అడిగే వేశా, మూడో విసురుకే కొట్టింది, కిలోన్నర ఉంటుంది. ఒడ్డున గాలం తీస్తూ నీళ్ల వైపు చూస్తే, అప్పటిదాకా ముద్దలా కలిసి తిరుగుతూ గాలి కోసం పైకొచ్చి చిటపటమని బుడగలు వదులుతున్న ఆ పిల్లలు తలోదిక్కు చెదిరిపోయాయి, ఎక్కణ్ణుంచి వచ్చిందో నీరుకాకి ఒకటి సరిగ్గా అక్కడే మునిగింది. ఫొటో కూడా తీసుకోకుండా చేపని వదిలేశా, గాలి పీల్చే చేప కాబట్టి బతికే ఉంటుంది, పిల్లలు ఎన్ని మిగిలాయో మరి.

బాస్‌దీ ఇదే కథ. గుడ్లకి మగది కాపలా ఉంటుంది, దాన్ని లాగేస్తే బ్లూగిల్ అనే చిన్న చేపలు వచ్చి నిమిషాల్లో గూడు ఖాళీ చేస్తాయి. అందుకే అమెరికా ఉత్తరాది రాష్ట్రాలు కొన్నింట్లో ఆ సీజన్‌లో పట్టిన బాస్‌ని వదిలేయాలని రూలు. అదే, కుంటలో చిన్న బాస్‌లు ఎక్కువైపోయి తిండి చాలక బక్కచిక్కితే, ఆ చిన్నవాటినే ఏరి పట్టుకోమంటారు. అట్ట మీద బొమ్మ తెచ్చుకున్నవాళ్లం ఈ ముక్క కూడా తెచ్చుకోవాల్సింది.

మళ్లీ వెళ్లినప్పుడు ఇదంతా చెబితే, "మీరు పట్టకపోతే ఇంకోడు పడతాడన్నా" అని నవ్వి, నీళ్లెక్కే కప్పని మాత్రం మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.

సరుక్కి నాలుగు స్టార్లు. ఆదివారం మధ్యాహ్నానికే కట్టేస్తాడు, బండి పెట్టుకోవడానికి చోటు ఉండదు, నడిచి వెళ్లండి.