అక్క దవడ కోసం హైదరాబాద్ వెళ్ళాం

యాభై దాటాక మా అక్క పట్టుబట్టి బరువు తగ్గింది. షుగర్ అదుపులోకి వచ్చింది, మోకాళ్ళు తేలికపడ్డాయి. కానీ దవడ కింద చర్మం వదులైపోయింది, బుగ్గలు లోపలికి పోయాయి. ఆపరేషన్ మాటెత్తితే లేచి వెళ్ళిపోతుంది. కోత లేకుండా బిగించే చికిత్సలు కాకినాడలోనూ ఉన్నాయిగానీ, నాలుగు చోట్ల చూపించుకుని ఎంచుకోవాలంటే హైదరాబాదే నయమనిపించింది. చలికాలం కదా, ఎండ బాధ కూడా తక్కువ. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి లింగంపల్లిలో దిగాం.

బస సంగతి ముందు చెప్తాను, అందరూ దాన్ని ఆఖర్న చూసుకుంటారు కాబట్టి. కేపీహెచ్‌బీలో మా పెదనాన్నగారి అమ్మాయి ఇల్లుంది. చనువున్న ఇల్లే, కానీ ఎర్రబడ్డ ముఖంతో వెళ్తే కాలనీ మొత్తానికి సమాధానం చెప్పుకోవాలి. అందుకే అమీర్‌పేటలో లాడ్జి తీసుకున్నాం. కోచింగ్ సెంటర్ల పిల్లల గోల, అర్ధరాత్రి దాకా హారన్లు, గదిలో కిటికీ పేరుకే. అయినా క్లినిక్‌లు తిరగడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఎరుపు లైను, నీలం లైను రెండూ అక్కడే కలుస్తాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌కైనా, పంజాగుట్టకైనా, సికింద్రాబాద్‌కైనా మెట్రోలోనే వెళ్ళొచ్చు.

మొదట వెళ్ళింది జూబ్లీహిల్స్‌లో ఒక క్లినిక్. పేరు చెప్పను. గాజు తలుపులు, పూల వాసన, రాగానే కాఫీ. టాబ్ పట్టుకొచ్చిన అమ్మాయి అక్క ముఖాన్ని ఫొటో తీసి, హైఫూ (అల్ట్రాసౌండ్ వేడితో చర్మం బిగించడం), మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫ్ (సన్నని సూదులతో రేడియో ఫ్రీక్వెన్సీ వేడి పెట్టడం), చర్మం కింద దారాలు వేసి లాగడం అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పేసింది. "ఈరోజే కడితే సగం ధర మేడమ్" అంది. డాక్టర్ ఎక్కడమ్మా అంటే, అడ్వాన్స్ కట్టాక వస్తారట. ఏ మెషినని అడిగితే "కొరియన్ మెషిన్ మేడమ్" అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు. జీఎస్టీ సంగతి చివర్న మేం అడిగితే బయటపడింది. అందం కోసం చేసే చికిత్సకు ఆ పన్ను తప్పదు, ఇన్సూరెన్స్ రాదు. అది ముందే చెప్పాల్సింది వాళ్ళు. మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫ్ గురించి 2025 అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ, అంటే అక్కడ మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ, హెచ్చరిక ఇచ్చింది. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం లాంటివి తన దృష్టికి వచ్చాయని అందులో చెప్పింది. అలాంటిదాన్ని ఆఫర్‌లో కలిపి అమ్ముతుంటే నాకు ఒళ్ళు మండింది. అక్క కాఫీ మాత్రం పూర్తిగా తాగింది.

సికింద్రాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి స్కిన్ ఓపీ వేరే లోకం. టోకెన్, గంటల తరబడి బెంచీ మీద కూర్చోవడం, ఫ్యాను కింద సీటు కోసం పోటీ. డాక్టరమ్మ బాగానే చూసింది, ఫీజు తక్కువ. అయితే చర్మం బిగించే అల్ట్రాసౌండ్ మెషిన్ తమ దగ్గర లేదని, మరోచోట చూపించుకోమని ఆవిడే చెప్పింది.

చివరికి పంజాగుట్ట మెట్రో దిగి సోమాజిగూడలో ఒక సొంత క్లినిక్‌కి వెళ్ళాం. నాలుగు కుర్చీల వరండా, కాఫీ లేదు. గోడ మీద చర్మవైద్యంలో ఎండీ డీవీఎల్ పట్టా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. డాక్టరు గారు అక్క చేతికి అద్దమిచ్చి మంచం మీద వెల్లకిలా పడుకోమన్నారు. పడుకోగానే చర్మం చెవుల వైపు జారి దవడ గీత తేలింది. "చూసుకున్నారా అమ్మా, ఇది ఆపరేషన్ ఇచ్చే ఫలితం. లేచి కూర్చుని చూసుకోండి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాలో కొంత మాత్రమే మెషిన్ తగ్గిస్తుంది" అన్నారు. కింది కనురెప్పను చిటికెతో లాగి వదిలి, ఎంత త్వరగా వెనక్కి పోతోందో చూశారు. పేస్‌మేకర్ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, ముఖం నిండుగా కనబడడానికి ఇంజెక్షన్‌తో వేసే ఫిల్లర్లు ముందెప్పుడైనా చేయించుకున్నారా అని అడిగారు.

ఆయన చెప్పింది ఇది: అల్ట్రాసౌండ్ తరంగాలను చర్మం పైపొర దాటించి, 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల లోతుల్లో చిన్న చిన్న చుక్కలుగా 60 నుంచి 70 డిగ్రీల వేడి పెడతారు. ముఖం బిగించే ఆపరేషన్‌లో (ఫేస్‌లిఫ్ట్) సర్జన్లు లాగి కుట్టే పొర 4.5 దగ్గరే ఉంటుంది. వేడికి చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ ముడుచుకుంటుంది, ఆ తర్వాత రెండు మూడు నెలల్లో కొత్తది పుడుతుంది. ఈ పద్ధతిలో పనిచేసే అల్థెరపీ అనే మెషిన్‌కి ఎఫ్‌డీఏ 2009లో కనుబొమలకు, 2012లో గడ్డం కింద భాగానికి, మెడకు అనుమతిచ్చింది. మన చామనఛాయకు లేజర్‌తో నల్ల మచ్చల భయం ఎక్కువ. అల్ట్రాసౌండ్‌కి, రేడియో ఫ్రీక్వెన్సీకి చర్మం రంగుతో పనిలేదు.

నాకు నమ్మకం కలిగింది మాత్రం ఆయన వద్దన్న చోట. బుగ్గలు చేయనన్నారు. బరువు తగ్గి అక్కడ కొవ్వు ముందే పలచబడింది, వేడి పెడితే ఉన్నదీ కరిగి ముఖం ఇంకా పీక్కుపోతుందట. దవడ అంచు, గడ్డం కింద చాలన్నారు. బిల్లు కూడా ఆ మేరకు తగ్గింది, జూబ్లీహిల్స్ ప్యాకేజీలో సగం లోపే.

మర్నాడు చికిత్స. మత్తు క్రీము రాసి ముప్పావుగంట కూర్చోబెట్టారు. తెల్ల పెన్సిల్‌తో దవడ వెంట గళ్ళు గీసి, గొంతు మధ్య భాగం వదిలేశారు. పక్కన తెర మీద చర్మం పొరలు కనబడుతున్నాయి. ఎముక దగ్గరికొచ్చినప్పుడల్లా అక్క నా చెయ్యి నలిపేసింది, పంటి నరం లాగినట్టు ఉందట. అయ్యేసరికి ముఖం ఎర్రగా ఉంది, సాయంత్రానికి తగ్గింది. దవడ నొప్పి మాత్రం కొన్నాళ్ళుంది.

కోలుకునే రోజులకి కొండాపూర్‌లో సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. నిశ్శబ్దం, పొయ్యి, ఫ్రిజ్. నమలడం కష్టంగా ఉండి మెత్తన్నం, పెరుగు, ఇడ్లీలతో గడిపింది అక్క. కానీ అక్కణ్నుంచి సోమాజిగూడకి మళ్ళీ చూపించుకోవడానికి సాయంత్రం క్యాబ్ ఎక్కితే ట్రాఫిక్‌లోనే ప్రాణం పోయింది. ఉదయం అపాయింట్‌మెంట్ తీసుకోండి, లేదా అమీర్‌పేట గోలనే భరించండి.

మూడు నెలలయ్యాక అదే కుర్చీలో, అదే వెలుతురులో ఫొటో తీసి పాతదాని పక్కన పెట్టారు. దవడ గీత తేరుకుంది, తేడా స్పష్టం. మెడ మడతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంట్లో అద్దంలో చూస్తే అంత తెలియదు. మా బావగారు ఇప్పటికీ "ఏం మారింది?" అనే అడుగుతున్నారు. అక్కకి మాత్రం ఈ మార్పు చాలట. ఏడాది దాటాక మళ్ళీ చేయించుకోవాల్సి రావచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు, ఆ డబ్బు ఇప్పట్నుంచే పక్కన పెడుతోంది.