మోనార్క్ రెక్కకు ట్యాగ్ వేయాలంటే లారెన్స్‌కే వెళ్లండి

డాలస్ నుంచి కాన్సస్‌లోని లారెన్స్‌కు ఎనిమిది గంటల డ్రైవింగ్. దారిలో ఎక్కువ భాగం ఐ-35 హైవే మీదే. మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికోకు వలసపోయే దారి కూడా ఇంచుమించు అదే కాబట్టి దీన్ని మోనార్క్ హైవే అంటారు. మనం ఉత్తరానికి వెళ్తుంటే అవి దక్షిణానికి వస్తుంటాయి. 1992లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో మొదలైన మోనార్క్ వాచ్ వాళ్ల ట్యాగింగ్‌లో, అంటే ఏ సీతాకోకచిలుక ఎక్కడిదాకా వెళ్లిందో తెలియడానికి రెక్కకు కోడున్న చిన్న స్టిక్కరు అంటించే పనిలో, ఎవరైనా చేయి కలపొచ్చు.

గది మాత్రం ముందే బుక్ చేసుకోండి. యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారమైతే ధరలు మండిపోతాయి. మేం దిగిన హైవే పక్క మోటెల్లో గది శుభ్రంగానే ఉంది కానీ, టిఫిన్ పెట్టేసరికి పొద్దెక్కింది. మేం పళ్లు, బ్రెడ్డుతో సరిపెట్టుకుని బయల్దేరాం. సాయంత్రాలు మసాచుసెట్స్ స్ట్రీట్‌లో తిరగడం హాయిగా ఉంటుంది, శాకాహారులకూ తిండికి లోటు లేదు. ఇడ్లీ, దోసె కావాలంటే మాత్రం ఓవర్‌లాండ్ పార్క్ అనే ఊరి దాకా పోవాల్సిందే.

ట్యాగింగ్ జరిగేది లారెన్స్‌లోని బేకర్ వెట్‌ల్యాండ్స్ అనే చిత్తడి నేలల్లో. అక్కడ మా దగ్గర రుసుమేమీ తీసుకోలేదు. వలలు వాళ్లే ఇచ్చారు. పసుపు గోల్డెన్‌రాడ్ పూల మీద వాలిన మోనార్క్‌ను మా అమ్మాయి వలలో పట్టింది. ఒక పెద్దావిడ వల మడత మీదుగానే రెక్కలు మూసి పట్టుకుని మెల్లగా బయటికి తీశారు. వెనక రెక్క మీద చిన్న నల్ల చుక్క ఉంటే మగది. మాకు దొరికిన దానికి చుక్క లేదు, నల్ల గీతలు కాస్త లావుగా ఉన్నాయి, అంటే ఆడది. వెనక రెక్క అడుగువైపు మధ్యలో ఉన్న పెద్ద గడిలో 9 మిల్లీమీటర్ల గుండ్రటి స్టిక్కరు పెట్టి రెండు క్షణాలు నొక్కాలి.

"అమ్మా, బరువవదా దానికి?" అంది మా అమ్మాయి. సీతాకోకచిలుక అర గ్రాముంటే, స్టిక్కరు బరువు అందులో యాభయ్యో వంతే. కోడు, తేదీ, ఊరు, ఆడో మగో రాసుకుని వదిలేశాం. అరచేతిలో ఒక్కసారి రెక్కలు విప్పి ఎగిరింది. ఇక్కడి నుంచి అవి చలికాలం గడిపే మెక్సికోలోని మిచోఅకాన్ కొండల్లో ఉన్న ఓయమెల్ అనే ఫర్ చెట్ల దాకా దాదాపు 2,200 కిలోమీటర్లు. అది అంతకుముందెన్నడూ చూడని చోటు. అక్కడ చచ్చి రాలిన వాటి రెక్కల మీద ట్యాగ్ కనిపిస్తే స్థానికులు తీసి ఉంచుతారు, మోనార్క్ వాచ్ వాళ్లు డబ్బిచ్చి కొంటారు.

న్యూజెర్సీలోని కేప్ మే కూడా చూశాం. సముద్రం, లైట్‌హౌస్, చక్కగా విడమర్చి చెప్పే మనుషులు, అన్నీ బాగున్నాయి. కానీ అక్కడ వాళ్లు ట్యాగ్ వేస్తుంటే మేం చుట్టూ నిలబడి చూశామంతే, వల మా చేతికి రాలేదు. బస ఖర్చూ ఎక్కువే. పక్షులంటే ప్రాణమైతే అక్కడికి వెళ్లండి. పిల్లలు స్వయంగా ట్యాగ్ వేయాలంటే లారెన్స్‌కే నా ఓటు.

సెప్టెంబరు మధ్యలో పెట్టుకోండి. గడ్డి మోకాళ్ల దాకా ఉంటుంది, నిండు ప్యాంటు, బూట్లు తప్పనిసరి. వానొస్తే సీతాకోకచిలుకలు ఎగరవు, అందుకని ఆదివారం కూడా చేతిలో ఉంచుకోండి.