వేలాస్‌లో రెండు రాత్రులు, ఏడు తాబేలు పిల్లలు

తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూద్దామని మహారాష్ట్ర తీరంలోని వేలాస్‌కు వెళ్లాం. పుణె నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. లెక్కకు ఐదారు గంటల దారి, మాకు ఎనిమిది పట్టింది. తామ్‌హిణీ ఘాట్ మలుపుల్లో మా అబ్బాయి కడుపులోది రెండుసార్లు కక్కేశాడు. హరిహరేశ్వర్ దాటాక బాగ్‌మాండ్లా రేవులో పంటు కోసం ముప్పావు గంట ఎదురుచూశాం. అచ్చం మన గోదావరి పంటు లాంటిదే. కార్లు, మోటారు సైకిళ్లు, చేపల గంపలు, మనుషులు అన్నింటినీ ఒకే పలక మీద ఎక్కించుకుని సావిత్రి నది ముఖద్వారం దాటిస్తుంది. ప్రయాణం మొత్తంలో వాడికి నచ్చింది ఈ పావుగంటే. కొండల వైపు నుంచి మండణ్‌గఢ్ మీదుగా కూడా రావచ్చు గానీ, నన్నడిగితే పంటే మేలు.

వేలాస్ రత్నాగిరి జిల్లాలో చిన్న ఊరు. కొబ్బరి, పోక తోటల మధ్య పెంకుటిళ్లు. హోటళ్లు వెతక్కండి, ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే బస. డబ్బు మనిషికి ఇంతని తీసుకుంటారు, భోజనాలూ అందులోనే. మాకు దొరికినది నడవా పక్కన ఒక గది. నేల మీద పరుపులు, తిరిగే ఫ్యాను, ఇంటి వెనక శుభ్రమైన స్నానాల గది. రాత్రిపూట అక్కడికి టార్చి వేసుకుని వెళ్లాలి. గదిలో ఏసీ, తలుపు మూసుకుంటే ఏకాంతం కావాలనుకునేవాళ్లకు ఈ ఊరు సరిపడదు. మేం దిగిన ఇంటి కాకు (మరాఠీలో కాకు అంటే పిన్నిగారు) చేసిన బియ్యప్పిండి రొట్టె తిని, కోకమ్ అనే పుల్లటి పండు వేసిన సోల్‌కఢీ తాగాక ఆ లోటు నాకు గుర్తు రాలేదు. మా ఆవిడకు వచ్చింది.

ఇక తాబేళ్లు. నవంబరు నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి. ఒకప్పుడు ఊళ్లోవాళ్లే వాటిని తవ్వుకుపోయేవారట, మిగిలినవి కుక్కలు, నక్కల పాలు. 2002లో చిప్లూణ్‌కు చెందిన సహ్యాద్రి నిసర్గ మిత్ర సంస్థ ఊరివాళ్లతో కలిసి గూళ్లను కాపాడడం మొదలుపెట్టింది. గుడ్లను తెచ్చి కంచె వేసిన చోట అదే లోతులో పూడ్చిపెడతారు. పిల్లలు బయటికొచ్చే గడువు దగ్గరపడగానే గూటి మీద బుట్ట బోర్లిస్తారు. రోజూ పొద్దున ఏడింటికి, సాయంత్రం ఆరింటికి ఆ బుట్టలు ఎత్తి చూస్తారు. పిల్లలు బయటికి వచ్చి ఉంటే సముద్రంలోకి వదులుతారు, లేకపోతే అందరూ ఇంటికి.

ఇక్కడే చాలామంది మోసపోయినట్టు బాధపడతారు. ఒడిశాలోని రుషికుల్య దగ్గర లక్షల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కే దృశ్యాన్ని టీవీలో చూసి ఇక్కడికి వస్తే నిరాశే. ఇక్కడివి విడివిడి గూళ్లు. మొదటి సాయంత్రం సరుగుడు చెట్లు దాటి ఒడ్డుకు వెళ్లేసరికి రెండు వందల మంది తాడు వెనక నిలబడి ఉన్నారు. బుట్టలన్నీ ఎత్తారు. ఒక్కటీ లేదు. మరుసటి పొద్దున కూడా లేదు. పక్కన ఒకాయన, ఇంత దూరం తెచ్చి ఏమీ చూపించలేదని తనను తీసుకొచ్చిన ఏజెంటుతో ఫోనులో గొడవ పెట్టుకోబోయాడు. సిగ్నల్ లేక ఊరుకున్నాడు.

మధ్యాహ్నం బాణ్‌కోట్ కోటకు వెళ్లాం. ఎర్రరాతి బురుజులు, లోపల గడ్డి తప్ప పెద్దగా ఏమీ లేదు. సావిత్రి సముద్రంలో కలిసే చోటు మాత్రం పైనుంచి చక్కగా కనిపిస్తుంది. గంట చాలు.

రెండో సాయంత్రం సోమవారం. జనం నలభై మందికి మించలేదు. మూడో బుట్ట ఎత్తగానే కాపలా మనిషి నవ్వాడు. ఏడు పిల్లలు. నిమ్మకాయంత బూడిదరంగు ఒళ్లు, ఒంటికి మించిన తెడ్డు కాళ్లు. నీళ్లకు కొంచెం దూరంలోనే ఇసుక మీద వదిలారు, అంతదూరం అవే నడవాలట. ఆరు గబగబా పోయాయి. ఏడోది ఎవరిదో పాత అడుగు గుంటలో పడింది. ఎక్కడం, జారడం, కళ్ల మీద ఇసుకతో కాసేపు ఆగడం, మళ్లీ ఎక్కడం. మా అబ్బాయి చెయ్యి చాచబోతే కాపలా మనిషి వద్దని తల ఊపాడు. చివరికి అది గట్టెక్కింది. ఒక అల వచ్చి దాన్ని వెల్లకిలా తిప్పి వెనక్కి విసిరింది. తర్వాతి అల తీసుకుపోయింది. ఎవరో ఫ్లాష్ కొట్టారు, నలుగురూ ఒకేసారి కసిరారు.

అది ఆడదా మగదా అని వాడు అడిగాడు. చూస్తే తెలియదనీ, గూటిలో ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయనీ చెప్పాను. ఇంటికొచ్చేదాకా వాడు మా ఇద్దరి గురించీ అదే ప్రశ్న వేశాడు.

వెళ్లదలిస్తే మార్చిలో, శని ఆదివారాలు కాకుండా, కనీసం రెండు రాత్రులు ఉండేలా వెళ్లండి. బయలుదేరే ముందు బస ఇచ్చేవాళ్లకు ఫోను చేసి బుట్టలు పెట్టారో లేదో కనుక్కోండి. మా తిరుగు ప్రయాణంలో విశ్రాంతి కోసమని ముందే డబ్బు కట్టిన ఒక రిసార్టులో ఫోటోలోని సముద్రం మా కిటికీకి కనిపించలేదు, పక్క గది గోడ కనిపించింది. ఆ ఖర్చుకు కాకు ఇంట్లో ఇంకో రెండు రాత్రులు ఉండేవాళ్లం. ఉండవలసింది కూడా. మేం పుణె చేరిన రెండో రోజున కాకు కొడుకు ఫోటో పంపాడు: ఒకే బుట్ట కింద అరవై ఎనిమిది.