భువనగిరి గుట్టా, రాచకొండ బాటా: ఒక పూట నడకకు ఏది మేలు?

సంక్రాంతికి అన్నయ్య వాళ్లు కరీంనగర్ నుంచి మా ఇంటికి వస్తున్నారు. వదిన ఫోన్లో ముందే చెప్పేసింది. “ఈసారి మాల్ వద్దు, సినిమా వద్దు. పొద్దున్నే లేచి నడిచే చోటుకు తీసుకుపో. పాత కోట ఏదైనా ఉంటే పిల్లాడికి కూడా నాలుగు విషయాలు తెలుస్తాయి. అత్తమ్మ కూడా వస్తానంటున్నది, అది చూసుకో.”

వదినకు అత్తమ్మ అంటే మా అమ్మే. 64 ఏళ్లు. రోజూ పార్కులో నాలుగైదు చుట్లు హాయిగా తిరుగుతుంది గానీ, మెట్లు దిగాలంటే కుడి మోకాలు పట్టేస్తుంది. అన్నయ్య కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడి కాలు ఒక్క చోట నిలవదు. ఇద్దరికీ సరిపోయే దారి కావాలి. చీకటితో బయల్దేరి, నడిచి, మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరాలి. అన్నీ ఆలోచిస్తే చివరికి రెండు పేర్లు మిగిలాయి: భువనగిరి, రాచకొండ. రెండూ యాదాద్రి భువనగిరి జిల్లాలోవే. రెండింటికీ నేను ఒకటికి రెండుసార్లు పోయొచ్చాను.

గోల్కొండ పక్కనే ఉండగా అంత దూరం ఎందుకని మా ఆయన అడిగారు. గోల్కొండను నేను తక్కువ చేయను. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడటం, రామదాసును పెట్టిన చెర, నయా ఖిలాలో ఆ పెద్ద ఏనుగు చెట్టు, అన్నీ మళ్లీ మళ్లీ చూడాల్సినవే. చేతిలో రెండు గంటలే ఉంటే, బండి లేకపోతే, అక్కడికే వెళ్లండి. కానీ అది 360 మెట్లు ఎక్కే చోటు, చుట్టూ ఊరు, సెలవు రోజు విపరీతమైన జనం. వదిన అడిగింది పల్లె గాలి. వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో ఆ గాలి ఉంది, చెట్ల నీడ ఉంది, మూసీ పుట్టిన చోటు కూడా అదే. అయితే అక్కడ కోట లేదు. కాబట్టి ఆ రెండూ పక్కకు పోయాయి.

ముందు భువనగిరి సంగతి. వరంగల్ హైవే మీద బీబీనగర్ దాటి కాస్త దూరం పోతే చాలు, గుట్ట కళ్లబడుతుంది. రాళ్లూ రప్పలూ పోగుపడిన గుట్ట కాదు అది. ఒకటే శిల. ఊరి ఇళ్ల మధ్య నుంచి నున్నగా, గుడ్డు ఆకారంలో 500 అడుగుల పైచిలుకు లేచి నిలబడి ఉంటుంది. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు దాని మీద కోట కట్టించాడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు, ఆ పేరు మీదే త్రిభువనగిరి, పోను పోను భువనగిరి అయింది. పైన కోట సుమారు 40 ఎకరాల్లో ఉంది. కాకతీయుల కాలంలో రుద్రమదేవి, ప్రతాపరుద్రుడి పేర్లు ఈ కోటతో ముడిపడ్డాయి. నాకు మాత్రం ఇక్కడికి వస్తే ముందు గుర్తొచ్చేది సర్వాయి పాపన్న. గౌడ కుటుంబంలో పుట్టి, మొఘల్ అధికారులకు నిద్ర లేకుండా చేసినవాడు. 1708లో వరంగల్ మీద పడ్డాక భువనగిరి మీద కూడా దాడి చేశాడు. ఈ నున్నటి బండ కింద నిలబడి పైకి చూస్తే, అప్పట్లో దీని మీదికి పోవాలనుకోవడానికి ఎంత తెగువ కావాలో అర్థమవుతుంది. మన కాలానికి వస్తే, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఈ బండ మీదే.

ఎక్కడం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. దారి మొదట్లో దర్వాజలు, వంపులు, కట్టిన మెట్లు ఉంటాయి. అక్కడి దాకా ఎవరైనా ఎక్కుతారు. ఆ తర్వాత బండలోనే తొలిచిన మెట్లు వస్తాయి. పక్కన ఇనుప రెయిలింగ్ ఉంటుంది. అడుగు వెడల్పు ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు. వేలమంది నడిచి నడిచి అంచులు అరిగి, నున్నగా మెరుస్తుంటాయి. పైకి చేరాక వాన నీళ్లు నిలిచిన గుంటలు, పాత మహలు గోడలు, నాలుగు వైపులా పొలాలు, చెరువులు, తెల్లగా పొగమంచు. అంత చిన్న నడకకు అంత పెద్ద చూపు హైదరాబాద్ చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం.

కష్టం దిగేటప్పుడే. రెండేళ్ల కింద ఫిబ్రవరిలో పెద్దమ్మను తీసుకెళ్లాం. బయల్దేరడమే ఆలస్యమైంది, పైన ఫోటోలు తీసుకుంటూ కూర్చునేసరికి పదిన్నర దాటింది. దిగుదామని రెయిలింగ్ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. పెద్దమ్మ చీర కొంగు చేతికి చుట్టుకుని, ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని దిగింది. కింద ఎదురుగా ఏమీ అడ్డం లేకుండా ఊరంతా కనిపిస్తుంటే కళ్లు తిరుగుతున్నాయన్నది. ఎక్కడానికి ముప్పావు గంట, దిగడానికి గంటకు పైనే పట్టింది. ఆ రోజు నాకు పుట్టిన టెన్షన్ ఇంకా గుర్తుంది. అమ్మ మోకాలు తలుచుకుంటే ఆ మెట్లే కళ్ల ముందు ఆడుతున్నాయి.

రాచకొండ పూర్తిగా వేరు. అక్కడ గుట్ట మన మీదికి రాదు. మనమే మెల్లగా దాని లోపలికి పోతాం. హైదరాబాద్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం మీదుగా ఒక దారి, విజయవాడ హైవేలో చౌటుప్పల్ దాకా పోయి సంస్థాన్ నారాయణపురం మీదుగా ఇంకో దారి. పోలీస్ కమిషనరేట్ పేరుగా రాచకొండ అందరికీ తెలుసు. కానీ ఆ పేరుతో ఒక రాజధాని ఉండేదన్న సంగతి మా వీధిలోనే చాలామందికి తెలియదు. నాకది బాధగా ఉంటుంది.

1323లో ఓరుగల్లు పడిపోయాక, తెలంగాణలో ఎవరికి వారు నిలదొక్కుకుంటున్న రోజుల్లో, రేచర్ల పద్మనాయకులు బలపడ్డారు. అనపోతానాయకుడు రాచకొండను రాజధాని చేసుకుని కోట కట్టించాడు. ఆ వంశంలోని సింగభూపాలుడు సంస్కృతంలో నాట్యం మీద, రసం మీద గ్రంథం రాసిన పండితుడు. సర్వజ్ఞుడని బిరుదు. కొండవీటి రెడ్డిరాజుల కోసం శ్రీనాథుడు ఇక్కడి సభకు వచ్చి, కవిత్వం వినిపించి, వీళ్ల దగ్గరున్న నందికంత పోతరాజు కఠారిని బహుమానంగా అడిగి తీసుకుపోయాడని చెప్పుకుంటారు. రెండు రాజ్యాలకు పగ, మధ్యలో ఒక కత్తి, దాన్ని పద్యంతో గెలుచుకున్న కవి. ఈ కథను పిల్లాడికి కారులో చెప్పి తీసుకుపోతే వాడు ఆ దర్వాజల్ని చూసే చూపే వేరుగా ఉంటుంది.

ఆ దర్వాజల గురించే కాసేపు చెప్పాలి. రెండు పెద్ద నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒకే రాతి దూలం. అంతే. కమాను లేదు, సున్నం లేదు. గోడలు ఇంకా అబ్బురం. గున్న ఏనుగంత బండల్ని వాటి ఆకారం చూసి పేర్చి, మధ్య సందుల్లో పిడికిలంత రాళ్లు బిగించారు. పోయినసారి గోడకు చేయి ఆనించి అలాగే నాలుగడుగులు నడిచాను. వేళ్లకు మట్టి అంటింది గానీ సున్నం పొడి అంటలేదు. బరువే గోడను పట్టి ఉంచుతున్నది. పక్కనే ఒక బండ అంచున జానెడు జానెడు దూరంలో వరుసగా చిన్న గుంటలు కనిపించాయి. రాయిని చీల్చడానికి కొట్టినవి. గుంటలు కొట్టి, ఎందుకో గాని చీల్చకుండా వదిలేశారు. ఆ గుంటలో వేలు పెడితే అడుగున ఉలి గాటు ఇంకా గరుకుగానే తగులుతుంది. ఆరు వందల ఏళ్ల కింద ఒక వడ్డె పనివాడు సగంలో లేచిపోయిన చోటు అది. మహారాజు మహలు చూసినా నాకు అంత దగ్గరగా అనిపించలేదు.

నడక తీరు ఇలా ఉంటుంది. కింద తండాలు, చేలు. చేల గట్టు దాటాక తుప్పలు, రాళ్లు పరిచిన పాత బాట, అక్కడక్కడ పొట్టి మెట్లు. ఒక దర్వాజ, కొంచెం ఏటవాలు, మళ్లీ ఇంకో దర్వాజ. మధ్యలో కాకతీయుల పద్ధతిలో చెక్కిన స్తంభాలు, శిథిలమైన గుళ్లు. ఎక్కడ అలసిపోతే అక్కడ కూర్చుని వెనక్కి తిరగొచ్చు. ఇదే దీని అసలు సుఖం. భువనగిరిలో సగంలో ఆగితే సగమే చూసినట్టు. రాచకొండలో మొదటి రెండు దర్వాజల దగ్గర ఆగిపోయినా చూడాల్సింది చూసినట్టే. అమ్మ అక్కడ గుడి నీడలో కూర్చుంటుంది, మిగిలినవాళ్లం పై కోటకు పోయి గంటలో దిగి వస్తాం. అమ్మ పక్కన ఎవరో ఒకరు ఉండాలి, అది మాత్రం తప్పదు. సంక్రాంతి రోజులు కాబట్టి దారి పొడుగునా రేగుపండ్లు కూడా ఉంటాయి. అవి ఏరుకుంటూ పోతే పిల్లాడు దూరం అడగడు.

అయితే రాచకొండకు తయారై పోవాలి. అక్కడ కొట్టు లేదు, హోటల్ లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, సద్ది, ఒక టోపీ ఇంటి నుంచే తీసుకెళ్లాలి. కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ పోతుంది. బాటలు చీలిపోతాయి, బోర్డులు చూసి పోదామంటే కుదరదు. ఊళ్లో ఎవరినైనా అడిగి, వీలైతే తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని పోవడం మేలు. పోయినసారి మేకలు మేపుతున్న ఒక తాత మమ్మల్ని ఆపి, “ఎటు వోతున్నరు బిడ్డా? ఆ పక్కకు పోకుండ్రి, ముళ్ల కంప ఉన్నది. ఇగో, ఇటు పట్టుకోండ్రి” అని కర్రతో దారి చూపించాడు. లేకపోతే అరగంట తుప్పల్లో తిరిగేవాళ్లం. ఒక గుడి పక్కన గుప్తనిధుల కోసం ఎవరో తవ్విన గొయ్యి కూడా చూశాం. గర్భగుడి గడప రాయి పక్కకు పడి ఉంది. ఇన్ని వందల ఏళ్లు వానకూ ఎండకూ నిలిచిన రాయిని ఒక్క రాత్రిలో పెకిలించారు. చూసి కడుపు తరుక్కుపోయింది. గొయ్యి అంచుకు పిల్లల్ని పోనివ్వకండి.

బండి లేనివాళ్లకు భువనగిరే దిక్కు, అందులో సందేహం లేదు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట లైన్లో రైలు ఎక్కితే గంటకు అటూ ఇటూగా భువనగిరిలో దిగొచ్చు. ఉప్పల్ నుంచి బస్సులు ఉంటూనే ఉంటాయి. ఊరు పక్కనే కాబట్టి టీ, ఇడ్లీ, మంచినీళ్లు, మందుల షాపు, అన్నీ అందుబాటులో ఉంటాయి. దిగి వచ్చాక యాదగిరిగుట్టకు పోయి దర్శనం చేసుకోవచ్చు. కుర్రాళ్లు, కాలేజీ పిల్లలు, మోకాళ్లు బాగున్నవాళ్లు మొదటిసారి కోట నడకకు పోతుంటే భువనగిరితోనే మొదలుపెట్టమంటాను. వానాకాలంలో మాత్రం రెండూ వద్దు. భువనగిరి బండ మీద పాకురు పడితే చెప్పు నిలవదు. రాచకొండలో గడ్డి నడుము దాకా పెరుగుతుంది, కింద ఏముందో కనపడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి నడిమి వరకు రెంటికీ మంచి కాలం. ఎక్కడైనా బండ కింద తేనెతుట్టె కనిపిస్తే గట్టిగా మాట్లాడకుండా, పొగ పెట్టకుండా దాటిపోవాలి.

తేలిక దారి అంటే ఎంత ఎత్తు అని అందరూ అడుగుతారు. నేను అడిగేది వేరు: మధ్యలో కూర్చోవడానికి చోటుందా, వెనక్కి తిరిగితే వచ్చిన పని పాడవుతుందా. ఈ రెండు ప్రశ్నలకూ రాచకొండే బాగా నిలబడింది. అమ్మ ఉన్న ఈ నడకకు నా ఓటు దానికే.

వదినకు ఫోన్ చేసి చెప్పాను. కనుమ మర్నాడు పొద్దున్న ఐదున్నరకు బయల్దేరుతున్నాం. ఏడున్నరకల్లా మొదటి దర్వాజ దగ్గర ఉండాలి, పదిన్నరకు దిగిపోవాలి. పిల్లాడు మాత్రం భువనగిరి ఫోటో చూసి ఆ బండ ఎక్కాల్సిందేనని పట్టు పట్టాడు. వాడినీ అన్నయ్యనూ వచ్చే ఆదివారం రైల్లో పంపిస్తానని మాటిచ్చాను, తెల్లారేసరికి గుట్ట కింద ఉండాలన్న షరతు మీద. అమ్మ అప్పుడే జొన్నపిండి పట్టించింది. రొట్టెల్లోకి ఎండుమిర్చి కారం, పైన సకినాలు ఒక డబ్బా. డబ్బా మోసేది ఎవరన్నది ఇంకా తేలలేదు.