ఫాగింగా, డ్రమ్ము కడగడమా?

నల్లగొండలో సాయంత్రం ఫాగింగ్ బండి చప్పుడు వినపడితే చాలు, పిల్లలు పొగ వెంట పరుగు. మనకూ ఓ ధీమా. కానీ ఆ పొగకు చచ్చేది ఎగిరే దోమే, నీళ్లలోని లార్వాకు, అంటే దోమ పిల్లపురుగుకు, ఏమీ కాదు. పైగా డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగలు.

రెండోది, అంటే డ్రమ్ము కడగడం, ఫొటోకు పనికిరాని పని. గుడ్డు దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు; అందుకే వారానికోసారి, శుక్రవారం, నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే. మొన్న మా మిషన్ భగీరథ కుళాయి నీళ్ల డ్రమ్ములో టార్చి వేస్తే తలకిందులుగా వేలాడుతూ పురుగులు! నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడకంటిన గుడ్లు పోయేలా పీచుతో రుద్దాలి. మురికి కాల్వలో ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు) మున్సిపాలిటీ వేస్తుంది, డ్రమ్ము మాత్రం మనమే కడగాలి.

నా ఓటు పీచుకే. డెంగీ కేసు తేలిన వీధిలో మాత్రం ఫాగింగ్ కూడా చేయాల్సిందే.